రెండవ పీట

ఈ మాసమున మేము మీతో ముచ్చటింపఁదలఁచినది ఫ్రాన్సు దేశపు సైకిలు పందెగాఁడొకని చరిత్రము. ఊరగాయలు, అల్లికలు, శిశుపోషణము చదువుకొను పుటలలో సైకిలు పందెములకేమి పని యని కొందఱు ముక్కుమీఁద వ్రేలు వేసికొనవచ్చును. ఆ పని యెట్లు కలిగినదో ముందుగా మనవి చేసికొని, పిమ్మట కథలోనికి పోవుదుము.

గడచిన సంవత్సరము మా కుమార్తె బడిలో జరిగిన వ్యాసరచన పోటీలో రెండవ బహుమానము గెలుచుకొనెను. వీధిగుమ్మమునుండియే "అమ్మా! నాకు రెండవ బహుమానము" అని కేక వేయుచు వంటయింటిలోనికి పఱుగెత్తి వచ్చెను. పొయ్యిమీఁది పులుసును కలుపుచున్న మేము తల యెత్తకయే "మొదటిది యెవరికి వచ్చినది?" అంటిమి. పిల్ల మెల్లగా ఆ పేరు చెప్పి వెడలిపోయెను. బహుమానముగా వచ్చిన పుస్తకమును మాకు చూపనేలేదు. పది దినముల పిమ్మట అది బట్టల పెట్టె యడుగున, పాత పరికిణీల క్రింద మాకు దొరకెను.

మా వారు బడిపంతులగుటచే, పరీక్షాఫలితములు తెలిసిన దినములలో మా యింటి యరుగు తల్లిదండ్రులతో నిండియుండును. మూఁడు మార్కులలో మొదటి స్థానము జాఱిపోయినదని పిల్లవాని యెదుటనే వారు దుఃఖించుటను ఎన్నియో మాఱులు చూచితిమి. అది తగదని వారికి హితము చెప్పితిమి. హితము చెప్పిన నోటితోనే మేమును ఆ ప్రశ్న వేసితిమి. ఆ పెట్టె మూసిన నాఁటినుండి, రెండవ స్థానమనఁగా నేమి యని మా మనస్సులో తర్కము సాగుచునే యున్నది. ఆ తర్కములో మాకు తోడు దొరకినవాఁడు రేమోఁ పూలిదోర్. ఫ్రాన్సు దేశమున ఇతనిని "నిత్యద్వితీయుఁడు" అని పిలిచెడివారు. ముద్దుపేరు పూపూ.

ఇతని కథ తెలియవలెనన్న ముందు పందెము తెలియవలెను. టూర్ డి ఫ్రాన్స్ అను సైకిలు పందెము 1903వ సంవత్సరమున మొదలైనది. సాధారణముగా జూలై మాసమున మూఁడు వారములపాటు జరుగును. ఒక్కొక్క దినమున ఒక్కొక్క ఘట్టము. ఒక యూర బయలుదేరి మఱియొక యూర చేరుట; మధ్య మైదానములు, మన్యములు, మంచుకొండలు. ఏ దినమున కా దినము ముందు చేరినవాఁడు ఆ ఘట్టమునకు మాత్రమే విజేత. అన్ని ఘట్టముల కాలమును కూడఁగా ఎవనిది అన్నిటికంటె తక్కువయో వానిదే పందెము. మన నెల పద్దువంటిదనుకొనుఁడు. ఒకనాఁడు కూరలలో రెండు రూపాయలు మిగిల్చినంతనే గెలుపు కాదు; నెలాఖరున కూడికలో ఏమి తేలినదన్నదే ముఖ్యము. ఏ నాఁటికానాఁడు ఆ కూడికలో ముందున్నవాఁడు పసుపుపచ్చని చొక్కా తొడుగుకొనును. ఈ యాచారము 1919లో ఏర్పడినది. కొన్ని ఘట్టములు గెలిచినవానికి బహుమానముగా అతని లెక్కలోనుండి కొంత కాలము తగ్గించుటయుఁ గలదు. ఈ చివరి సంగతిని సోదరీమణులు గుర్తుంచుకొనవలెను; మన కథకు అక్కఱకు వచ్చును.

పూలిదోర్ 1936 ఏప్రిల్ 15వ తేదీన ఫ్రాన్సు నడుమ క్రూజ్ అను సీమలోని మస్బరో-మెరిన్యా యను పల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు పరుల భూమిని పాలికి దున్నుకొను రైతులు. అతఁడు 14వ యేటనే చదువు చాలించి పొలము పనిలోనికి దిగవలసివచ్చెను. సైనికసేవకై పిలుపు వచ్చువఱకు రైలుబండి యెక్కి యెఱుఁగఁడు. ఆ సేవలో అల్జీరియాకు పోయి తిరిగివచ్చి, 1960లో మెర్సియే అను సైకిళ్ల కంపెనీవారి జట్టులో వృత్తి పందెగాఁడుగా చేరెను. 1977లో విరమించువఱకు ఆ జట్టును విడువలేదు. ఆ జట్టునకు నాయకుఁడు ఆంతొనేన్ మాన్య. ఆయన 1931లోను, 1934లోను టూర్ గెలిచిన పెద్దవాఁడు. కఠినమైన క్రమశిక్షణ గలవాఁడు.

1961లో ఇటలీ దేశమున మిలాను నగరమునుండి సాన్‌రేమో వఱకు జరుగు దీర్ఘమైన పందెములో పూలిదోర్ సైకిలు చక్రము పంక్చరయ్యెను. చాల వెనుకఁబడి, ఇఁక మానుకొందునని నిశ్చయించుకొనెను. మాన్య ఒప్పుకొనలేదు, గదిమి మరల బాట పట్టించెను. పూలిదోర్ అందఱను కలిసికొని, దాఁటి, ఆ పందెమును గెలిచెను. మానుకొందునన్నవాఁడే గెలిచెనన్న మాట మనము మఱవరాదు. ఇతనిని ఓడిపోవుటకే పుట్టినవాఁడని తలఁచుట పొరపాటు. 1964లో స్పెయిను దేశమును చుట్టివచ్చు మహాపందెమును కూడ ఇతఁడే గెలిచెను. టూర్‌లో ఏడు ఘట్టములు గెలిచెను. అయినను లోకము ఇతనిని గెలుపులచే గుర్తుంచుకొనలేదు.

1962లో మొదటిమాఱు టూర్‌లో పాల్గొనునప్పటికి ఇతని చిటికెనవ్రేలు విఱిగియుండెను. చేతికి కట్టుతోనే బయలుదేరి, మొదటి దినముననే ఎనిమిది నిమిషములు వెనుకఁబడి, మూఁడు వారములు తిరుగునప్పటికి మూఁడవ స్థానమున నిలిచెను. ఆ యేఁడు గెలిచినవాఁడు జాక్ ఆంక్తీల్. మన కథలో ఈయనయే మొదటి పీటవాఁడు.

ఆంక్తీల్ నార్మండీ సీమవాఁడు. పూలిదోర్ కంటె రెండేండ్లు పెద్ద. అతని తండ్రి స్ట్రాబెర్రీ పండ్ల తోట పెంచువాఁడు. 1957లో, 23వ యేటనే టూర్ గెలిచెను. మఱల 1961 మొదలుకొని వరుసగా గెలుచుచుండెను. పందెగాండ్రను ఒక్కొక్కనినే వేఱువేఱుగా విడిచి గడియారముతో కొలుచు ఒంటరి పఱుగులో అతనికి సాటి లేరు. కొండలమీఁద ఎంత పోఁగొట్టుకొన్నను తనకు చెల్లునో, ఒంటరి పఱుగులో ఎంత రాఁబట్టుకొనవలెనో లెక్క వేసికొని, ఆ లెక్కను దాఁటి ఒక్క త్రొక్కుడు కూడ వ్యర్థము చేయని నేర్పరి. ముఖమున అలసట కనఁబడనీయఁడు. పూలిదోర్ నల్లఁబడిన ముఖముతో, చెమటతో, పొలమునుండి వచ్చిన రైతువలెనే కనఁబడెడివాఁడు. ఫ్రాన్సు దేశము రెండు పక్షములుగా చీలెను. ఒక యింటిలోనే అన్న ఆంక్తీల్ పక్షము, తమ్ముఁడు పూలిదోర్ పక్షము.

ఇఁక 1964వ సంవత్సరపు టూర్ కథను కొంచెము వివరముగా వినుఁడు.

తొమ్మిదవ ఘట్టము మొనాకో నగరమున ముగియవలెను. అచ్చట క్రీడాప్రాంగణములోనికి వచ్చిన పిమ్మట వలయపు బాటపై ఇంకను ఒక చుట్టు తిరుగవలసియుండెను. పూలిదోర్ మొదటిమాఱు గీత దాఁటుటతోనే ఘట్టము ముగిసినదని తలఁచి, ఉన్న బలమంతయు అందుకే వెచ్చించి ముందుగా దాఁటెను. అప్పటికి ఒక చుట్టు మిగిలియే యున్నది. ఆ చుట్టు చివర ఆంక్తీల్ గెలిచెను. గెలిచినవానికి బహుమానము ఒక నిమిషము.

తరువాత పిరినీ పర్వతములు. అండొర్రాలో విశ్రాంతిదినము గడపి మఱునాఁడు బయలుదేరఁగానే ఆంక్తీల్ మొదటి కొండమీఁదనే కుంగిపోయెను. పూలిదోర్ పక్షమువారు ఇఁక పందెము తమదేయని సంతోషించిరి. కాని ఆంక్తీల్ దట్టమైన పొగమంచులో తెగించి కొండ దిగి, ముందున్నవారిని కలిసికొనెను. తూలూజ్ నగరము సమీపించునప్పటికి పూలిదోర్ చక్రపు పుల్ల యొకటి విఱిగెను. సైకిలు మార్చుకొని యెక్కఁగా, సాయము చేయఁబోయిన పనివాఁడు వీఁపుమీఁద చేయివేసి త్రోయుటతో క్రింద పడెను. లేచి త్రొక్కునప్పటికి ముందువారు కనుమఱుగైరి. రెండు నిమిషములకు పైగా నష్టము. మఱునాఁడే అతఁడు లుషోన్ ఘట్టమును ఒంటరిగా గెలిచి కొంత తీర్చుకొనెను. బయోన్ నగరమున జరిగిన ఒంటరి పఱుగులో మరల పంక్చరు. ఆంక్తీల్ కంటె 37 సెకండ్లు వెనుక. ఆ సాయంకాలమున పసుపుచొక్కా ఆంక్తీల్ తొడుగుకొనెను. ఇద్దఱి నడుమ తేడా 56 సెకండ్లు.

మేము భారతము చదువుకొన్నవారము గనుక, చక్రము కుంగినచోట కర్ణుఁడు తలఁపునకు వచ్చుట సహజము. అయితే కర్ణునికి శాపములు గలవు. ఇతనికి శాపము లేదు. మొనాకోలో తప్పిన లెక్క ఇతనిదే. తూలూజ్‌లో విఱిగిన పుల్ల ఎవరిదియు కాదు. ఓటమిలో మన తప్పు కొంత, దైవికము కొంత కలిసియుండును. వానిని విడఁదీసి చూచుటకు ఓపిక లేనివారమై మనము పిల్లవానిని ఒక్క మాటలో దండింతుము.

జూలై 12వ తేదీన పందెము ప్వీ ద దోమ్ అను కొండను చేరెను. ఇది చల్లాఱిన అగ్నిపర్వతము. ఎత్తు 1465 మీటర్లు. పైకి పోవు బాట కొండను చుట్టుకొని మెట్లవలె నిటారుగా లేచును. బాట కిరువైపుల లక్షలకొలఁది జనము. స్పెయిను దేశపు కొండయెక్కుడుగాండ్రు ఇద్దఱు, హిమేనెజ్, బహమొంతెస్ అనువారు, ముందు సాగిపోయిరి. వారి వెనుక ఈ యిద్దఱే మిగిలిరి. కొండగోడ వైపున ఆంక్తీల్, బయటివైపున పూలిదోర్. భుజము భుజము రాచుకొనుచు, మోచేయి మోచేయిని తాఁకుచు త్రొక్కిరి. ఆ క్షణమున తీసిన ఛాయాచిత్రము ఫ్రాన్సు దేశమున నేఁటికిని ఇండ్లలో, కాఫీహోటళ్లలో గోడలమీఁద కనఁబడును.

ఆంక్తీల్ ఆ వేళకు బలము తీఱియున్నాఁడు. వెనుక నడచినచో ఆ సంగతి పూలిదోర్‌కు తెలియును. అందుచే ప్రక్కనే నడచెను. ప్రక్కనున్నవాని అలసట మనకు కనఁబడదు. మన అలసటయే మనకు తెలియును. పూలిదోర్ కడపటి కిలోమీటరులో గాని విడిపోలేదు. విడిపోయిన పిమ్మట ఆ కొంచెము దూరములోనే 42 సెకండ్లు రాఁబట్టెను. 56లో 42 పోఁగా 14 మిగిలెను. తనకు 14 సెకండ్లు మిగిలినవని విని, కావలసినదానికంటె 13 ఎక్కువే యని ఆంక్తీల్ అన్నట్లు చెప్పుకొందురు.

రెండు దినముల పిమ్మట, జూలై 14న, వెర్సాయ్ నుండి ప్యారిసు వఱకు 27 కిలోమీటర్ల పైచిలుకు ఒంటరి పఱుగు. అది ఆంక్తీల్ విద్య. 21 సెకండ్ల తేడాతో గెలిచెను. బహుమానముగా 20 సెకండ్లు కలిసెను. 14, 21, 20 కూడఁగా 55. ఆంక్తీల్ మొత్తము కాలము 127 గంటల 9 నిమిషముల 44 సెకండ్లు. దూరము 4,500 కిలోమీటర్లకు పైన. అంత దూరము పోయి, అన్ని కొండలెక్కి దిగి, పూలిదోర్ వెనుకఁబడినది 55 సెకండ్లు. పోపులో ఆవాలు చిటపటలాడి అణఁగునంత సేపు. మొనాకోలో పోయినది ఒక నిమిషము. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని మేము చాలసేపు చూచుచుంటిమి.

ఇఁక తరువాతి యేండ్లు వినుఁడు. 1965లో ఆంక్తీల్ టూర్‌కు రాలేదు. ఈ యేఁడు పూలిదోర్‌దే యని దేశమంతయు నిశ్చయించుకొనెను. ఇటలీనుండి ఫెలీచే జిమొండి యను 22 ఏండ్ల క్రొత్త కుఱ్ఱవాఁడు వచ్చి గెలిచెను; పూలిదోర్ రెండవవాఁడు. 1966లో ఆంక్తీల్ తాను గెలువలేనని తెలిసికొని, తన జట్టులోని లూసియేన్ ఎమార్ గెలుచుటకు తోడ్పడెను, పూలిదోర్ మూఁడవవాఁడు. 1967లో మొదటి సాయంకాలమున ఆన్జే నగరములో జరిగిన చిన్న ఒంటరి పఱుగులో ఆఱు సెకండ్ల తేడాలో పసుపుచొక్కా తప్పిపోయెను. ఆ యేఁడు కొండలలో వెనుకఁబడిన పిమ్మట, తనవాఁడైన రొజే పేంజోన్ గెలుచుటకై ఇతఁడు పాటుపడెను, పేంజోన్ గెలిచెను. 1968లో ఒక మోటారుసైకిలు వచ్చి తాఁకి ముఖము గాయపడుటచే పందెము విడువవలసివచ్చెను. ఆంక్తీల్ విరమించుచున్న కాలమునకు బెల్జియము దేశమునుండి ఎడీ మెర్క్స్ అవతరించెను. అతఁడు 1969 మొదలుకొని ఐదుమాఱులు టూర్ గెలిచిన మహావీరుఁడు. ఒక పెద్దచెట్టు నీడనుండి బయటపడఁగానే అంతకంటె పెద్దచెట్టు.

అయినను 1972లో, 36వ యేఁడు నిండఁబోవుచుండఁగా, ప్యారిసునుండి నీస్ వఱకు ఎనిమిది దినములు సాగు పందెములో, కడపటి దినమున ఏజ్ కొండమీఁద పూలిదోర్ మెర్క్స్‌ను ఓడించి, మొత్తముమీఁద ఆఱు సెకండ్లతో పందెమును గెలిచెను. ఐదేండ్ల క్రిందట ఆన్జేలో పోయిన ఆఱు సెకండ్లే మరల వచ్చినట్లు మాకు తోఁచినది. మఱుసటి యేఁడు ఆ పందెమునే రెండవమాఱు గెలిచెను. ఆ 1973లోనే టూర్ హాలండు దేశమున మొదలైనది. మొదటి దినపు చిన్న పఱుగులో పసుపుచొక్కా ఇతనికి తప్పినది సెకండులో పదింట ఎనిమిది వంతుల తేడాతో. కనుఱెప్ప వేసి తెఱచునంతలో చొక్కా వేఱొకనిదయ్యెను. అదే టూర్‌లో పిరినీ పర్వతములు దిగునపుడు లోయలోనికి పడి, తలకు దెబ్బతగిలి వెడలిపోయెను. ఇంతటితో ఇతని కథ ముగిసినదని అందఱు అనుకొనిరి. 1974లో, 38వ యేట, వచ్చి రెండవ స్థానమున నిలిచెను. 1976లో, 40వ యేట, మూఁడవ స్థానమున నిలిచెను.

లెక్క చూతము. టూర్‌లో 14 మాఱులు పాల్గొని 12 మాఱులు ముగించెను. మూఁడుమాఱులు రెండవవాఁడు, ఐదుమాఱులు మూఁడవవాఁడు. కడపట ముగ్గుఱు నిలుచు పీటలమీఁదికి ఎనిమిదిమాఱులు ఎక్కెను; ఆ పందెపు చరిత్రలో ఇన్నిమాఱులు ఎక్కినవాఁడు మఱియొకఁడు లేఁడు. పసుపుచొక్కా మాత్రము ఒక్క దినమైనను తొడుగుకొనలేదు.

ఇచ్చట ఒక సందేహమును దాఁచక చెప్పవలెను. ఓడిపోవుటలోని సుఖమునకు ఇతఁడు అలవాటుపడెనని విమర్శించినవారును గలరు. ఇతఁడే, తన దురదృష్టము పెరిగినకొలఁది జనుల ప్రేమయు రాఁబడియు పెరుగుచున్నవని నవ్వుచు చెప్పెడివాఁడు. గెలిచినవాఁడనైన నన్ను విడిచి ఓడినవానిని ఏల ప్రేమింతురని ఆంక్తీల్ మనసులో నొచ్చుకొనెను. అది న్యాయమైన నొప్పియే. ఐదుమాఱులు అగ్రపూజ పొందినవాఁడు, బాట ప్రక్క నిలిచిన జనము తన వెనుకవాని పేరే కేకవేయుట వినుచు సాగవలసివచ్చెను. పిల్లలను మొదటి స్థానమునకై తఱుముకొనిపోవు మనము ఈ సంగతియు తలఁపవలెను. మొదటి పీటమీఁద నిలిచినవానికిని ఆఁకలి యుండును.

ఓటమి పూలిదోర్‌కు సుఖమైనదా? మాకట్లు తోఁచదు. సుఖమునకు అలవాటుపడినవాఁడు లోయలో పడిన మఱుసటి యేఁడు 38 ఏండ్ల దేహముతో మరల కొండ యెక్కఁడు. గెలుపునకై త్రొక్కెను, రానప్పుడు వచ్చినదానిని ముఖము చిట్లింపక అందుకొనెను. గెలిచినవానిని నిందింపలేదు, తన పనిని విడువలేదు. జనులు ప్రేమించినది ఓటమిని కాదు, ఆ నడవడిని. పొలములో విత్తనము చల్లి, వాన రాక పైరు పోఁగా, మఱుసటి యేఁడు మరల నాఁగలి పట్టు తండ్రిని వారందఱు తమ యిండ్లలో చూచియున్నారు. పూలిదోర్ వారికి ఆ తండ్రివలె కనఁబడెను.

ఆ యిద్దఱు వీరుల వైరము పందెములతోనే ముగిసెను. విరమించిన పిమ్మట వారు స్నేహితులైరి. 1987లో ఆంక్తీల్ ఉదరమున క్యాన్సరు వ్యాధి ముదిరి, 53వ యేట మరణించెను. కడపటి దినములలో ఆంక్తీల్ తనతో, ఈ ప్రయాణములోను నీవు నా వెనుకనే వచ్చెదవని పరిహాసమాడినట్లు పూలిదోర్ తరువాత చెప్పుకొనెను. జీవితమంతయు తనను బాధించిన ఆ మాటను మిత్రుని నోట వినుటకు ఎంత చనవు కావలెనో ఆలోచింపుఁడు.

వార్ధక్యమున పూలిదోర్ ఏఁటేఁట టూర్‌కు వచ్చుచుండెను. పసుపుచొక్కాకు పోషకులైన బ్యాంకువారి తరఫున పసుపువస్త్రమే ధరించి, జనుల నడుమ కూర్చుండి, అడిగినవారికెల్ల చేవ్రాలు పెట్టియిచ్చుచుండెను. పందెములో దొరకని రంగు ముసలితనమున దొరకినదని తానే నవ్వుకొనఁదగిన స్థితి. 2019 జూలైలో జరిగిన టూర్‌కును వచ్చి, ఆ నవంబరు 13వ తేదీన, సేన్-లెయొనార్-ద-నొబ్లా యను తన యూర, 83వ యేట కన్నుమూసెను.

కథ ఇంతటితో ముగియలేదు. పూలిదోర్ కుమార్తెను హాలండు దేశపు సైకిలు వీరుఁడు ఆద్రి వాన్ డెర్ పూల్ వివాహమాడెను. ఆ అల్లుఁడు 1984 టూర్‌లో ఒక దినము పసుపుచొక్కా ధరించెను. వారి కుమారుఁడు మత్యూ 2021లో మొదటిమాఱు టూర్‌కు వచ్చెను. తాతను స్మరించుటకై అతని జట్టువారు మొదటి దినమున మెర్సియే జట్టు పాత రంగులైన ఊదా, పసుపుపచ్చలతో చొక్కాలు కుట్టించుకొని తొడిగిరి. రెండవ దినము, జూన్ 27న, బ్రిటనీ సీమలో మ్యూర్ యను నిటారు కొండమీఁద మత్యూ అందఱిని విడిచి గెలిచి, ఆకాశమువైపు వ్రేలు చూపి, కంటతడిపెట్టెను. పసుపుచొక్కా అతనిదయ్యెను, ఆఱు దినములు అతని మీఁదనే యుండెను. తాత చూచుటకు లేఁడు. కాని ఆ మనుమఁడు ఏడ్చినది తాతకు రాలేదన్న లోటుతో మాత్రమే కాదని మేము నమ్ముచున్నాము. రెండవ పీటపై నిలిచిన ముసలివాఁడు ఆ యింట చిన్నతనముగా కాక గౌరవముగా చెప్పుకొనఁబడెను గనుకనే, మనుమఁడు ఆ బాట పట్టుటకు వెఱవలేదు.

ఈ కథనంతయు ఒక రాత్రి భోజనములైన పిమ్మట మా కుమార్తెకు చెప్పితిమి. 55 సెకండ్ల లెక్కను పలకమీఁద వేసి చూపఁగా, తానును కూడి చూచి "సరిపోయినదమ్మా" అనెను. పిమ్మట మేము లేచి, బట్టల పెట్టె యడుగునుండి ఆ పుస్తకమును తీసి దాని ముందుంచి, "నీవు వ్యాసములో ఏమి వ్రాసితివి?" అని అడిగితిమి. సంవత్సరము గడచినను ఆ మాట మేము అడుగనే లేదు. ఆ పిల్ల కొంతసేపు మా ముఖము చూచి, తన అమ్మమ్మ యింటి పెరటిబావిని గూర్చి వ్రాసితినని చెప్పెను. మా పుట్టింటి బావి! దాని గిలక చప్పుడు, తెల్లవాఱుజామున మా తల్లిగారు తోడిపోసిన గోరువెచ్చని నీళ్లు, ఓరలలో మొలిచిన ఆకులు, అన్నియు ఆ పిల్ల గుర్తుంచుకొని వ్రాసినది. మేము మఱచిన సంగతులు కూడ అందులో కలవు. మొదటి బహుమానమెవరికి వచ్చినదని తెలిసికొని, మేము పోఁగొట్టుకొన్నది ఇది.

సోదరీమణులారా! పరీక్షల కాలము ప్రతి యేఁడును వచ్చుచునే యుండును. మీ యిండ్లకును పిల్లలు రెండవ బహుమానములతో, మూఁడవ శ్రేణులతో, ఒక్కొక్కమాఱు వట్టిచేతులతో పఱుగెత్తివత్తురు. పులుసు మాఁడినను మాఁడనిండు, గరిటె క్రింద పెట్టి, చేయి తుడుచుకొని, "ఏమి వ్రాసితివి? ఏమి చేసితివి? ఏది చూడనిమ్ము" అని ముందుగా అడుగుఁడు. మొదట వచ్చినవారెవరో తరువాత నెమ్మదిగా తెలిసికొనవచ్చును.